బొట్టు పెట్టి పిలిచినవాళ్ళకే

'కుట్టుగది' సీరియల్: పదకొండో వారం

క్రితం వారం మనం అరుణజ్యోతిని ఫర్వానియాలో రెండు గదుల ఫ్లాట్‌లో, అమ్మ కుట్టుమిషను పక్కన, చేతిలో ఫోనుతో వదిలేసి వచ్చాం. ఫోనులో 'కుట్టుగది' బ్లాగు తెరిచి ఉంది. శాశ్వతంగా తీసెయ్యమంటావా అని ఎర్ర అక్షరాలతో అడుగుతోంది. ఎదురుగా బేబి నిలబడి, "తీసెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది" అంటోంది.

కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అరుణజ్యోతికి పదిహేడేళ్ళు. కోనసీమలో పల్లె బడిలో పదో తరగతి దాకా చదివి, రెండేళ్ళ కిందట అమ్మానాన్నల దగ్గరికి కువైట్ వచ్చింది. తండ్రి సోమేశ్వరరావు దజీజ్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. తల్లి అచ్చాయమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. శుక్రవారం సెలవు దొరికిన తెలుగు ఆడవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళూ బడులు ఊడ్చేవాళ్ళూ, జాకెట్టు గుడ్డ సంచిలో పెట్టుకుని అక్కడికి వస్తారు. జాకెట్టు ఒక వంక. అసలు వచ్చేది వారం రోజులు నోట్లో కుక్కుకున్న మాటలు బయట పెట్టుకోవడానికి. నలుగురిలో నోరు విప్పలేని అరుణజ్యోతి ఆ మాటలన్నీ మూల కూర్చుని డైరీలో రాసుకునేది. తర్వాత తర్వాత వాళ్ళ గొంతులే రికార్డు చేసి బ్లాగులో పెట్టసాగింది. చదువు రానివాళ్ళు కూడా వినొచ్చు కదా అని. ఏ ఏజెంటు ఏ మాట చెప్పి తెస్తాడో, తెచ్చాక ఏం చేస్తాడో కొత్తగా వచ్చినవాళ్ళకి ముందే తెలిసేది. బయటివాళ్ళు వినకుండా దానికి తాళం కూడా వేసింది.

తాళం వేసిన ఆ గదిలోంచి బేబి గొంతు బయటికి పోయింది. గురువారం పొద్దున ఏజెంటు రమేష్‌బాబు బేబికి ఫోన్ చేసి, ఆమె గొంతు ఆమెకే అర నిమిషం వినిపించాడు. "రేపు సాయంత్రానికి ఆ బ్లాగు ఉండకూడదు. ఉంటే దీన్ని మీ మామా వింటుంది" అని పెట్టేశాడు. మామా అంటే బేబి పనిచేసే ఇంటి అరబ్బు యజమానురాలు.

ఇప్పుడు శుక్రవారం, మధ్యాహ్నం మూడున్నర.

*

అరుణజ్యోతి బొటనవేలు ఎర్ర అక్షరాల మీద ఆగి ఉంది. నొక్కితే ఏడు నెలలుగా పోగుచేసిన గొంతులు పోతాయి. నొక్కకపోతే బేబి కొలువు పోతుంది.

గదిలో పదిమంది ఉన్నారు. మామూలు శుక్రవారాల్లో ఆ గదిలో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఈ వేళ అచ్చాయమ్మ కత్తెర బల్ల మీద పెడితే ఆ చప్పుడికి ఇద్దరు ఉలిక్కిపడ్డారు.

"మీ మామాకి తెలుగు రాదు కదా పిన్నీ" అంది అరుణజ్యోతి, వినీ వినపడనట్టు.

"రాదనే కదే నా భయం!" అంది బేబి. "వచ్చుంటే నేనన్నది ఇదీ అని నేనే చెప్పుకుందును. రానప్పుడు ఆయనేం చెబితే అదే దాని అర్థం. నేను ఆయన్ని అన్నాను. నలుగురున్న ఇల్లని చెప్పి పదకొండుమంది ఇంట్లో దింపేడన్నాను. చలికాలమంతా కబ్ద్‌లో వాళ్ళ తోటకి కూడా నన్నే పంపుతారని ముందు చెప్పలేదన్నాను. అది ఆయన నోట్లోంచి అరబీలో ఎలా వస్తుందో తెల్సా? 'మామా, మీ ఇంటి గుట్టు ఊరంతా చాటుతోంది' అని వస్తుంది. అంతే, ఖలాస్. రేపు పొద్దున నా పెట్టె గుమ్మంలో ఉంటుంది."

"తీసేసుడు అటెనుక" అంది ముత్తెవ్వ. జగిత్యాల దిక్కు మనిషి, అరవైకి దగ్గరపడింది, ఒక బడిలో ఊడుపు పని. "ముందుగాల వానికి గా గొంతు ఎట్ల దొరికింది? ఎవలో ఇచ్చిండ్రు గద."

పదిమందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ గదిలో ఇలాంటి చూపులు అరుణజ్యోతి ఎప్పుడూ చూడలేదు.

"ఎవరిచ్చేరో నాకేం తెలుసు?" అంది బేబి. "తెలిసినదొక్కటే చెబుతాను. పోయిన ఆదివారం రమేష్‌బాబు బండిలోంచి ముత్తెవ్వ వదిన దిగింది. నా కళ్ళతో చూసేను."

ముత్తెవ్వ చేతిలో గుడ్డ కింద పడింది. "ఏందీ? నేనా?"

"దిగేవా లేదా?"

"దిగిన! బస్సు తప్పిపాయె, ఎండకు పానం పోతాంటె, దా అని ఎక్కిచ్చుకున్నడు. గా పది నిమిషాలల్ల నీ బాగోతం జెప్పిననా? నాకు గా ఫోన్ల నీ ముచ్చట ఎక్కడుంటదో దొరకవట్టాల్నంటెనే అరుణ తీసియ్యాలె. నేను వానికి తీసిత్తనా?"

"అబ్బో, ఏమో! నంగనాచి..."

"బేబీ!" అని కసిరింది అచ్చాయమ్మ.

అరుణజ్యోతి తల వంచుకుని ఫోను వంక చూస్తూ ఉండిపోయింది. బ్లాగు తీసేసినా ఈ మాట మాత్రం గదిలోనే ఉండిపోతుందని ఆమెకి తెలుసు. వచ్చే శుక్రవారం ముత్తెవ్వ రాదు. ఆ పై శుక్రవారం బేబి రాదు. ఎవరు చెప్పారో తెలియకపోతే ఇక్కడ ఎవరూ ఎవరి ముందూ నోరు విప్పరు.

అలా తల వంచుకునే, ఎవరెవరికి లోపలికి రావడానికి అనుమతి ఇచ్చిందో ఆ జాబితా తెరిచింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. ఎవరి మొహమూ చూడకుండా ఉండడానికి చేతికి ఏదో ఒక పని కావాలి, అంతే.

జాబితాలో ఆరు మెయిళ్ళు ఉన్నాయి.

ఆరే. పైకీ కిందికీ జరిపి చూసింది. మళ్ళీ లెక్కపెట్టింది. తాళం వేసిన రోజు సంగతి గుర్తొచ్చింది. మెయిల్ ఐడీ ఉన్నవాళ్ళు ఇవ్వండంటే ఆరుగురు ఇచ్చారు. మిగతావాళ్ళకి ఎలాగా అని ఆమె దిగులుపడుతుంటే, "నాకు వినపడుతోంది", "నాకూ వస్తోంది" అని అందరూ అన్నారు. పోనీలే, అదృష్టం అనుకుంది. పైగా ఇంకోసారి అడగడానికి సిగ్గు.

"అమ్మా" అంది. ఎవరూ వినలేదు. గొంతు పెంచి, "అమ్మా!" అంది.

అందరూ తలలు తిప్పారు. అరుణజ్యోతి అరవడం ఎవరూ ఎరగరు.

"నేను ఆరుగురికే తాళంచెవి ఇచ్చాను. మనం వినేవాళ్ళం పద్నాలుగు మంది. మిగతా ఎనిమిదిమందీ ఎలా వస్తున్నారు?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె అర్థమయ్యేలా చెప్పలేదు కూడా. బల్ల మీద జాకెట్టు ముక్కలన్నీ ఒక పక్కకి తోసి, "మీ ఫోన్లు ఒకసారి ఇక్కడ పెట్టండి. అందరివీ" అంది.

పది ఫోన్లు వచ్చాయి. ఒకదానికి గాజు పగిలింది. ఒకదానికి వెనక ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, కాగితం మడత పెట్టి ఉంది. ఒక్కొక్కటే తెరిచి, పై మూల మెయిల్ ఎవరిదో చూపే చిన్న గుండ్రటి బొమ్మ మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. మొదటిదాంట్లో ఒక పేరు. రెండోది ముత్తెవ్వది. దాంట్లో ఒక నల్ల కళ్ళజోడు అబ్బాయి, కువైట్ టవర్స్ ముందు నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతున్నాడు. మూడోది బేబిది. అదే కళ్ళజోడు. నాలుగోది, అదే. ఐదోది, అదే.

బల్ల మీద పది ఫోన్లలో ఏడింటి మూల నుంచి ఒకే మనిషి నవ్వుతున్నాడు.

"పిన్నీ, ఇతనెవరు?"

బేబి కళ్ళు చిట్లించి చూసింది. "ఎవరో ఏంటే, మన అచ్చిబాబు కాదూ! మొబైల్ షాపు అచ్చిబాబు. మొదట్నుంచీ ఉన్నాడు అందులో. ఫోనుతో పాటు వచ్చిన బొమ్మనుకున్నాను."

"నా ఫోన్ల గూడ గాయనే ఉంటడు" అంది ముత్తెవ్వ. "దుకాణపోడు గద, పేరు గుర్తుకు పెట్టుకున్నడేమో అనుకున్న."

అరుణజ్యోతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొత్త ఫోను కొన్నాక అది మెయిల్ అడుగుతుంది. వీళ్ళకి మెయిల్ ఉండదు. అచ్చిబాబు మంచివాడు, ఊరివాడు, కష్టపెట్టడం ఎందుకని తన మెయిలే కొట్టేశాడు. వచ్చిన ఆడవాళ్ళందరి ఫోన్లకీ అదే. ఒక ఇంటి తాళంచెవికి పది నకళ్ళు తీసి పంచినట్టు. ముత్తెవ్వ తనదనుకుని ఇచ్చిన మెయిల్ అతనిది. ఆ ఒక్కటి జాబితాలో ఎక్కగానే అతని చేతి ఫోన్లన్నిటికీ తలుపు తెరుచుకుంది.

"అంటే నా ఫోటోలు కూడా వాడి ఫోన్లోకి పోతాయా?" అంది వెనక నుంచి ఒకావిడ.

"పోతాయి పిన్నీ."

"అందుకా! మొన్న రీచార్జికి వెళ్తే, మనవరాలి అన్నప్రాసన బాగా చేశారక్కా అన్నాడు. వీడికెలా తెలుసా అని నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను!"

*

అచ్చిబాబుకి ఫోన్ చేసింది అచ్చాయమ్మే. స్పీకరు పెట్టింది.

"ఆయ్, చెప్పండక్కా."

అచ్చాయమ్మ విషయం చెబుతుంటే అవతల షాపు ఫ్యాను చప్పుడు వినపడుతోంది. "నేను మంచికే చేసేనండక్కా. అప్పుడు ఫోను పని చెయ్యాలి కదండీ. మెయిలంటే ఏంటని అడుగుతారు, నేనేం చెప్పనండి?"

"అది తర్వాత. రమేష్‌బాబు చేతికి ఎలా వెళ్ళింది?"

"ఆయన మా షాపులో కూర్చుంటారు కదండీ రోజూ. కౌంటరు మీద టాబ్ ఒకటి ఉంటదండి, కస్టమర్లకి చూపించేది. దాంట్లో కూడా నా మెయిలే. బుధవారం దాన్ని కెలుకుతా కెలుకుతా, ఇదేంట్రా మన ఆడవాళ్ళ గొంతుల్లా ఉన్నాయన్నారండి. నేనూ అప్పుడే విన్నానండి. ఒట్టు."

అరుణజ్యోతి తల్లి చెవి దగ్గర ఏదో గొణిగింది. అచ్చాయమ్మ ఫోను ఆమె చేతిలోనే పెట్టేసింది.

"అన్నయ్యా, ఆయన దాన్ని... ఆయన ఫోన్లోకి ఎక్కించుకున్నారా?"

"లేదమ్మా. ఆయనకి చేతకాదు. నిన్న నీ పిన్నిగారికి వినిపించింది కూడా టాబ్ పక్కన ఫోను పెట్టేనండి. ఇవాళ ఐదింటికి వస్తాను, నా ఫోన్లోకి ఎక్కించి పెట్టు, ఇటు నుంచి ఇటే మామా దగ్గరికి వెళ్ళాలి అన్నారు. నేనేం చెయ్యనమ్మా? ఆయన మాట కాదంటే మా సేఠు దగ్గర నన్ను నిలబెడతాడు."

అరుణజ్యోతి గోడ గడియారం చూసింది. నాలుగు కావడానికి పది నిమిషాలు.

బేబి నెమ్మదిగా ముత్తెవ్వ వైపు తిరిగింది. ముత్తెవ్వ పడిపోయిన గుడ్డ తీసుకుని, దులిపి, మడత పెడుతోంది. పెట్టిన మడతే మళ్ళీ పెడుతోంది.

"ఆ అచ్చిబాబు పేరు తీసి పారెయ్యి తల్లీ" అంది ఎవరో.

"తీసెయ్యొచ్చు" అంది అరుణజ్యోతి. "కానీ ఆ పేరు తీస్తే అతనితో పాటు మీ తొమ్మిదిమంది కూడా బయటికి పోతారు. ఇక్కడున్న ఏడుగురు, రాని ఇద్దరు. ఉంచితే మీతో పాటు రమేష్‌బాబూ ఉంటాడు."

"మాకు సొంతవి చేసిపెట్టు."

"చేస్తాను. ఏడు ఫోన్లకి ఒక్క గంటలో కాదు. చేసినా రేపు ఇంకో షాపులో ఇంకో అచ్చిబాబు మార్చేస్తాడు." ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడినందుకు ఆమెకే ఆయాసం వచ్చింది. "ఇంకో తాళం ఉంది. మెయిళ్ళు అక్కర్లేదు. తలుపు దగ్గర నాలుగంకెల నంబరు అడుగుతుంది. అది తెలిసినవాళ్ళే లోపలికి వస్తారు. ఎవరి ఫోనైనా, ఎవరి మెయిలైనా ఫర్వాలేదు. పోయిన నెలే నేర్చుకున్నాను."

"మరి పెట్టలేదేం?"

జవాబు అరుణజ్యోతి డైరీలో ఉంది. 'వీళ్ళకి గుర్తుండదు. వాట్సాప్‌లో పంపితే ఒకళ్ళు ఇంకొకళ్ళకి పంపుతారు, సాయంత్రానికి ఊరంతా పోతుంది' అని రాసుకుంది. వాళ్ళ ఎదుట ఎలా చెబుతుంది?

"మాకు యాదుండదని పెట్టలే" అంది ముత్తెవ్వ. "గంతేనా బిడ్డా?"

అరుణజ్యోతి చెవులు ఎర్రబడ్డాయి. తల ఊపింది.

"రెండు, ఆరు, ఐదు..." ముత్తెవ్వ కళ్ళు మూసుకుని తన బత్తాకా, అంటే గుర్తింపు కార్డు, మీది పన్నెండంకెల నంబరు గుక్క తిప్పుకోకుండా చదివింది. ఆ వెంటనే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఫోన్ నంబరు, ఊళ్ళో కొడుకు నంబరు, కోడలి నంబరు. "అచ్చరాలు రావు గని అంకెలు మాకు నేర్పొద్దు బిడ్డా. అంకెలు యాదిల లేకపోతే గీ దేశంల ఒక్క దినం బతుకుతమా?"

గది గొల్లుమంది. పొద్దుటినుంచి మొదటి నవ్వు అది.

"గుర్తుండడం సరే" అంది అరుణజ్యోతి, ఇంకా తల ఎత్తకుండా. "ఎవరి నుంచి ఎవరికి వెళుతుందో తెలియాలి కదా. మెసేజి పెట్టకూడదు, కాగితం మీద రాయకూడదు..."

అచ్చాయమ్మ కుట్టుమిషను ముందు నుంచి లేచింది. ఆమె అంతవరకు ఒక జాకెట్టుకి హుక్కులు కుడుతూనే ఉంది. దారం పళ్ళతో తెంపి, "పేరంటానికి ఎలా పిలుస్తామే?" అంది.

బేబి ఆమె వైపు తిరిగింది.

"పేపర్లో వేయిస్తామా? మైకులో చెబుతామా? ఒకళ్ళు వెళ్ళి, గడప దగ్గర నిలబడి, బొట్టు పెట్టి, ఫలానా రోజు మా ఇంటికి రండి అని చెబుతాం. బొట్టు పెట్టకపోతే పక్కింటివాళ్ళయినా వస్తారా? రారు. మన తరఫున ఇంకొకళ్ళు వెళ్ళి పిలవాలన్నా మనం చెప్పినవాళ్ళే వెళ్ళాలి. ఆడవాళ్ళ పేరంటానికి మగాడికి బొట్టు పెట్టి పిలిచినవాళ్ళున్నారా ఎక్కడైనా? అదే పద్ధతి ఇక్కడా పెట్టు. నోటితో చెప్పడం, చెవితో వినడం. ఎవరు ఎవరిని పిలిచారో మనకి తెలుస్తుంది."

మూడు వారాలుగా అరుణజ్యోతి ఇంటర్నెట్ అంతా వెతికిన సంగతి అమ్మ హుక్కులు కుడుతూ చెప్పేసింది.

"మరి ఎప్పటికీ ఒకటే నంబరా?" అంది బేబి.

"వారం వారం పేరంటం వారం వారమే పిలుస్తారు పిన్నీ" అంది అరుణజ్యోతి. మొదటిసారి ఆమె గొంతులో నవ్వు వినపడింది. "ప్రతి శుక్రవారం కొత్త నంబరు."

*

ఇక చూడాలి ఆ గది. అరుణజ్యోతి మిషను పక్కన నేల మీద చతికిలబడి, ఒడిలో నాన్న పాత లాప్‌టాప్ పెట్టుకుని, పాత తాళం తీసి కొత్త తాళం వేసే పనిలో పడింది. ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఎత్తి ఆగమనేది. నిన్నటిదాకా మంచినీళ్ళు ఇమ్మంటే గ్లాసు అందించి తలుపు చాటుకి పోయే పిల్ల. సోమేశ్వరరావు వంటింట్లోంచి తొంగి చూసి, ఏదో అడగబోయి, చెయ్యి ఎత్తగానే నోరు మూసుకుని టీకి నీళ్ళు పెట్టాడు.

నాలుగూ ఇరవైకి నంబరు సిద్ధమైంది. ఆ నంబరేమిటో ఇక్కడ రాయడానికి లేదు. చదివేవాళ్ళకి ఎవరూ బొట్టు పెట్టలేదు మరి.

అచ్చాయమ్మ దేవుడి మందసం లోంచి కుంకుమ భరిణ తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. అరుణజ్యోతి మొదటి బొట్టు బేబికి పెట్టి, చెవిలో నంబరు చెప్పింది. బేబి భరిణ తీసుకుని గదంతా దాటుకుని ముత్తెవ్వ దగ్గరికి వెళ్ళింది.

"వదినా, నోరు జారేను."

"నీ నోరు జారుడు నాకు కొత్తనా? నొసలు కనవడుతుందా, సక్కగ నడిమిట్ల పెట్టు."

బేబి బొట్టు పెట్టి, వంగి, చెవిలో చెప్పింది. ముత్తెవ్వ ఆమె భుజం మీద ఒక దెబ్బ వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.

అలా భరిణ చేతులు మారింది. కడప నుంచి వచ్చిన ఖాదర్‌బీ బొట్టు పెట్టుకోదు. ఆమె దగ్గరికి వచ్చేసరికి భరిణ పట్టుకున్నావిడ తెల్లబోయి ఆగింది. అచ్చాయమ్మ వంటింట్లోకి వెళ్ళి ఖర్జూరం పండు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టి, చెవిలో చెప్పింది.

"మీ అందరి కన్నా నాదే బాగుండాది. తినేకి వస్తాది" అంది ఖాదర్‌బీ, నములుతూ.

రానివాళ్ళు నలుగురు. ఒక్కొక్కరి బాధ్యత ఒక్కొక్కరు తీసుకున్నారు. వసారాలో ఒకావిడ, వంటింట్లో ఒకావిడ, మెట్ల మీద ఒకావిడ, బాత్రూం తలుపు దగ్గర ఒకావిడ ఫోను చెవికి ఆనించుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "బొట్టు పెట్టేననుకో... రాయకు, రాయకు... గుర్తు పెట్టుకో... మళ్ళీ నాకు చెప్పు" అంటున్నారు.

అన్నిటికన్నా ముందు తలుపు తెరిచింది ముత్తెవ్వ. తన పగిలిన గాజు ఫోనులో పెద్ద పెద్ద అంకెల మీద ఒక్కొక్క వేలిపోటు పొడిచింది. నాలుగో పోటుకి తెర మారింది. ఆమె గొంతే, మూడు వారాల కిందట చెప్పిన ముచ్చట, గట్టిగా మొదలైంది.

"అరేయ్! నేనే తెరిసిన. అరుణ చెయ్యి పెట్టలే. చూసిండ్రా, నేనే!"

ఫోను తలమీదికి ఎత్తి అందరికీ చూపిస్తూ ఆమె గది నడుమ తిరిగింది. తర్వాత ఇంకో ఫోను పలికింది. ఇంకోటి. ఐదు కావడానికి ఐదు నిమిషాలుండగా వసారాలోంచి, "నాలుగో ఆవిడ కూడా వచ్చేసిందే!" అని కేక వినపడింది. పద్నాలుగు మంది. అరుణజ్యోతి జాబితాలోంచి ఆ ఆరు మెయిళ్ళూ తీసేసింది. కళ్ళజోడు అబ్బాయిని అన్నిటికన్నా చివర తీసింది. పాపం, వాడు నవ్వుతూనే పోయాడు.

*

ఐదూ పదికి బేబి ఫోను మోగింది. తెర మీద రమేష్‌బాబు పేరు.

"నేనెత్తను" అంది బేబి. చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది.

అరుణజ్యోతి ఆ ఫోను తీసుకుంది. ఇంటికి మంచినీళ్ళ డబ్బాలు తెమ్మని ఫోన్ చెయ్యాలన్నా అమ్మ చేతికిచ్చే పిల్ల. స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"ఏం బేబీ, తియ్యమన్నది తీశారా లేదా? ఇక్కడేదో నంబరు అడుగుతోంది. ఏంటది?"

"తాళమండి."

"ఎవరది?"

"అరుణజ్యోతినండి. సోమేశ్వరరావు గారి అమ్మాయిని."

"ఓహో, నువ్వా తల్లీ! నోట్లో నాలుక లేదనుకున్నానే. సరే, ఆ నంబరు చెప్పు."

"చెప్పకూడదండి. మీకెవరూ బొట్టు పెట్టలేదు."

ముత్తెవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పరాచికాలా? చిన్నపిల్లవని ఊరుకుంటున్నాను. ముందు మీ నాన్నకియ్యి ఫోను."

"నాన్న ఇక్కడే ఉన్నారండి. అందరికీ టీ ఇస్తున్నారు. పిలవమంటారా?"

సోమేశ్వరరావు టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. మెడ సాచి, "రమేష్‌బాబు గారూ, మా అమ్మాయి చెప్పిందే నా మాట కూడానండి. టీ చల్లారిపోతోంది, ఏమీ అనుకోకండి" అన్నాడు.

అవతల గొంతు మారింది. "మర్యాదగా చెబుతున్నాను. బేబి గొంతు నా దగ్గరుంది. ఈ నిమిషంలో బయల్దేరి వాళ్ళ మామాకి వినిపిస్తాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

అందరి కళ్ళూ అరుణజ్యోతి మీదే ఉన్నాయి. ఆమె మాట తొణకలేదు.

"లేదండి, మీ దగ్గర లేదు. ఉంటే నన్ను నంబరెందుకు అడుగుతారు?"

ఫోనులో అచ్చిబాబు షాపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. తర్వాత ఎవరో కౌంటరు మీద దేన్నో విసిరినట్టు ఒక చప్పుడు. లైను తెగిపోయింది.

ఆ తర్వాత గదిలో రేగిన గోలకి పై అంతస్తు వాళ్ళు నేల మీద కర్రతో కొట్టారు. ముత్తెవ్వ అరుణజ్యోతిని నడుం దగ్గర పట్టుకుని ఎత్తేసింది. "నా బిడ్డే! ఒక్క ముక్కతోని వాని నోరు కుట్టేసింది!" ఖాదర్‌బీ మిగిలిన ఖర్జూరాలన్నీ పంచేసింది. సోమేశ్వరరావు పళ్ళెం పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక ఆ సందడి నడుమ గిర్రున తిరిగాడు.

బేబి మాత్రం మొహం కడుక్కుని వచ్చి చెప్పులు వేసుకోసాగింది.

"ఎక్కడికి పిన్నీ?"

"మామా దగ్గరికి. వాడు ఉత్త చేతులతో వెళ్ళినా నోరుందిగా. వాడికన్నా ముందు నేనే చెప్పుకుంటాను. నాకొచ్చిన అరబీ ఎంత, నాలుగు ముక్కలు. ఆ నాలుగూ నావే అయ్యుండాలి." కొంగుతో నుదురు అద్దుకోబోయి, బొట్టు చెదిరిపోతుందని ఆగింది. "ఇన్నాళ్ళూ ఆయనతోనే చెప్పించుకున్నాను. అందుకే ఇంతయ్యింది."

ఆమె తలుపు గొళ్ళెం తీసింది.

గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉంది.

నలభై ఏళ్ళుంటాయి. పట్టుచీర, మెట్లెక్కిన ఆయాసం, చేతిలో ఒక పెద్ద సంచి. బెల్లు కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఆమెను అందరూ ఎరుగుదురు. రమేష్‌బాబు భార్య వీరవేణి. ఆయనతో పాటు ఎనిమిదేళ్ళుగా కువైట్‌లో ఉంటూ, ఏ ఒక్క శుక్రవారమూ ఈ గడప తొక్కని మనిషి.

"జాకెట్టు కుట్టించుకోవడానికి రాలేదు వదినగారూ" అంది అచ్చాయమ్మతో. కళ్ళు మాత్రం గదంతా వెతుకుతున్నాయి. "నన్నెవరూ పిలవలేదు. తెలుసు. నేను ఇటు వస్తుండగానే ఆయన షాపులోంచి నాకు ఫోన్ చేసి, బొట్టు పెట్టలేదన్నారని అరిచారు. మీ దగ్గర చెప్పుకోవాల్సిన మాట నాకూ ఒకటుంది. లోపలికి రానిస్తారా?"

"వానిల్లాలు గదా!" అని ముత్తెవ్వ గొణిగింది. "రానియ్యకుండ్రి."

అందరూ అరుణజ్యోతి వైపు చూశారు. ఆమె తాళం వేయడం ఎలాగో నేర్చుకుంది. తలుపు తట్టినవాళ్ళని ఏం చేయాలో ఏ పుటలోనూ చదవలేదు.

బేబి వెనక్కి వచ్చి బల్ల మీది కుంకుమ భరిణ తీసుకుంది.

"నీకేమన్నా మతిపోయిందా?" అంది ఎవరో.

"ఆవిడా ఆడమనిషే" అంది బేబి. "ఆయన అరుపులు మనం ఒక్క ఫోనులో విన్నాం. ఆవిడ ఎన్నేళ్ళుగా వింటోందో." గుమ్మం దగ్గరికి నడిచి, వేలికి కుంకుమ అద్దుకుని చెయ్యెత్తింది.

వీరవేణి చటుక్కున మొహం పక్కకి తిప్పుకుంది.

"ఆగు బేబీ. ముందు వినవమ్మా. విన్నాక కూడా నీకు పెట్టాలనిపిస్తే అప్పుడు పెట్టు." ఆమె చేతిలో సంచి గుమ్మంలో దించింది. "నీకు ఫోన్ చేసి నీ గొంతు నీకే వినిపించమని ఆయనకి చెప్పింది నేనే."

(ఇంకా ఉంది)